ఖతీబ్ సాహెబులారా, హదీసు చిరునామా చెప్పండి

తెలుగు రాష్ట్రాల మసీదుల్లో జుమా బయాన్ చేసే ఖతీబులకు, ఇమాములకు, రేపటి ఖతీబులను తయారుచేస్తున్న మదరసా ఉస్తాదులకు,



హజ్రత్, ఈ ఉత్తరం రాస్తున్నవాడు ఆలిమ్ కాదు. శుక్రవారం మధ్యాహ్నం పని ఆపుకుని వచ్చి, ఏ సఫ్‌లో చోటు దొరికితే ఆ సఫ్‌లో కూర్చుని మీ మాట వినే జనంలో ఒకణ్ణి. మీకు ముట్టే జీతం ఎంతో, అది ఎంత ఆలస్యంగా ముడుతుందో మసీదు కమిటీల చుట్టూ తిరిగినవాడిగా ఎరుగుదును. ఆ జీతానికి మీ నెత్తిన ఇంకో బరువు మోపడం నాకూ ఇష్టం లేదు. అయినా ఒక్క కోరిక అడగక తప్పడం లేదు. మింబర్ మీద నుంచి దైవప్రవక్త (స) ఇలా అన్నారని ఏ మాట చెప్పినా, అది ఏ గ్రంథంలో ఎన్నో నంబరు హదీసో, దాన్ని ప్రామాణికమని తేల్చింది ఎవరో అదే నోటితో చెప్పండి. చిరునామా దొరకని మాట ఎంత బాగున్నా సరే, ఆయన పేరు మీద చెప్పకండి.

ముప్పై ఏళ్ల కిందట ఎవరైనా ఇలా అడిగి ఉంటే అది అన్యాయమయ్యేది. ఊరి మసీదు బీరువాలో ఖుర్ఆన్ ప్రతులు, ఒకటో రెండో ఉర్దూ ఫజాయిల్ పుస్తకాలు తప్ప ఏముండేవి? ఒక హదీసు ఎక్కడిదో వెతకాలంటే పెద్ద గ్రంథాలయం కావాలి, పెద్ద జ్ఞాపకశక్తీ కావాలి. లైడెన్‌లో వెన్సింక్ అనే డచ్ పండితుడు మొదలుపెట్టిన పదసూచిక ఉంది. బుఖారీ, ముస్లిం, అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాలు ఆరు. వాటికి తోడు ఇమాం మాలిక్ ముఅత్తా, దారిమీ సునన్, ఇమాం అహ్మద్ ముస్నద్. ఈ తొమ్మిదింటిలో ఏ మాట ఎక్కడుందో చూపించే ఆ పుస్తకం 1936 నుంచి 1969 దాకా ఏడు సంపుటాలుగా అచ్చయింది. వెన్సింక్ అది పూర్తికాకముందే పోయాడు. అలాంటిది కొని పెట్టుకోగల మసీదు మన జిల్లాల్లో ఉంటుందని ఎవరూ అనుకోరు.

తర్వాత కాలం మారిపోయింది. ఉత్తరప్రదేశ్‌లోని మవూలో పుట్టి రియాద్‌లో స్థిరపడిన ముహమ్మద్ ముస్తఫా ఆజమీ, హదీసులను కంప్యూటర్‌కు ఎక్కించే పనికి తొలినాళ్లలోనే పూనుకున్నారు. 1990లలో సఖ్ర్ అనే అరబ్బు కంపెనీ ఆ తొమ్మిది గ్రంథాలను సీడీలోకి దించింది. ఇప్పుడు షామిలా అనే గ్రంథాలయం వేల అరబ్బీ పుస్తకాలతో ఉచితంగా ఫోన్‌లోకి వస్తుంది. దురర్ అనే సైటులో ఒక ముక్క టైపు చేస్తే ప్రతి ఫలితానికీ అయిదు వివరాలు చూపిస్తుంది: చెప్పిన సహాబీ, తీర్పు ఇచ్చిన ముహద్దిస్, గ్రంథం పేరు, పేజీ లేదా నంబరు, తీర్పు సారాంశం. సున్నహ్ డాట్ కామ్‌లో అరబ్బీ పక్కనే ఇంగ్లీషు, కొన్ని గ్రంథాలకు ఉర్దూ కూడా ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. బయాన్‌కు సిద్ధమయ్యే గురువారం రాత్రి కాసేపు కూర్చుంటే సరిపోతుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన సామెత. మసీదులో ఆ సామెతకు కాలం చెల్లింది. మీరు హదీసు చదువుతుండగానే వెనక సఫ్‌లో ఇంటర్ కుర్రాడు ఫోన్ ఒళ్లో పెట్టుకుని దాన్ని వెతికేస్తున్నాడు. ఖుత్బా వేళ ఫోన్ ముట్టడం తప్పని వాడికి చెప్పాల్సిందే. ఆ సమయంలో గులకరాళ్లు కదిపినా వ్యర్థపు పని చేసినట్టేనని ముస్లిం సంకలనం 857వ హదీసులో ఉంది, ఫోన్ సంగతి వేరే చెప్పాలా! కానీ నమాజు అయ్యాక వాడు దగ్గరికి వచ్చి, హజ్రత్, ఆ హదీసు ఎక్కడిది అని అడిగినప్పుడు గూగుల్ ముఫ్తీ అని ఎద్దేవా చేసి పంపేస్తే నష్టం మనకే. వాడు నోరు మూసుకోడు. యూట్యూబులో ఎవడు గట్టిగా అరిస్తే వాడి దగ్గరికి వెళతాడు. అక్కడ మీ అంత చదువుకున్నవాడు ఉంటాడన్న నమ్మకం నాకు లేదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. తల్లి పాదాల కింద స్వర్గం ఉందన్న మాట మన ఇళ్ల గోడల మీది ఫ్రేముల్లో, క్యాలెండర్ల మీద, పెళ్లి బయాన్లలో ఎప్పుడూ ఉండేదే. ఆ ప్రసిద్ధ వాక్యాన్ని దురర్‌లో వెతకండి. రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఇబ్నె అబ్బాస్ (రజి) పేరు మీద వచ్చింది. దాని సనద్‌లో, అంటే ఒకరి నుంచి ఒకరు విన్నట్టు చెప్పే గొలుసులో, మూసా బిన్ ముహమ్మద్ బిన్ అతా అనే రావీ ఉన్నాడు. అబద్ధాలకోరని ముహద్దిసులు వేలెత్తి చూపించినవాడు. ఇబ్నె అదీ ఈ కథనాన్ని మున్కర్ అని తోసేశారు. రెండోది అనస్ (రజి) పేరు మీద ఉంది. దాని గొలుసులో ఎవరో ఏమిటో తెలియని రావీలున్నారు. కుర్రాడు ఇక్కడితో ఆగిపోతాడు. హజ్రత్ చెప్పింది జయీఫ్ హదీసు అని గ్రూపులో పెట్టేస్తాడు.

ఇప్పుడు నసాయీ సునన్‌లో 3104వ హదీసు తెరవండి. జాహిమా అనే సహాబీ యుద్ధానికి వెళ్లాలనుకుని, సలహా అడగడానికి ప్రవక్త (స) దగ్గరికి వస్తారు. నీకు తల్లి ఉందా అని ఆయన అడుగుతారు. ఉందని చెబితే, ఆమెను వదలకుండా ఉండమని, స్వర్గం ఆమె కాళ్ల కిందనే ఉందని చెప్పి పంపిస్తారు. దీని గొలుసు నిలబడేది. మరి మొదటి వెతుకులాటలో ఇది ఎందుకు తగల్లేదు? ఫ్రేముల్లోని వాక్యంలో పాదాలకు వాడిన అరబ్బీ మాట వేరు, నసాయీలో ఉన్న మాట వేరు. యంత్రం మనం కొట్టిన అక్షరాలనే వెతుకుతుంది. అదే భావం మరో మాటల్లో ఇంకెక్కడైనా ఉందేమో ఊహించి వెతకడానికి అరబ్బీ వచ్చిన మనిషి కావాలి, గ్రంథాల అమరిక తెలిసిన మనిషి కావాలి. ఆ కుర్రాడి వల్ల కాని ఈ పని మీ వల్ల అవుతుంది. పైగా బయాన్ చేసేవారికి ఇందులో లాభం ఎంతో చూడండి. ఫ్రేములోని వాక్యం ఒట్టి సూక్తి. నసాయీలో ఉన్నది ఒక సంఘటన. కత్తి పట్టడానికి సిద్ధమై వచ్చినవాణ్ణి తల్లి సేవకు తిప్పి పంపడం అందులో ఉంది. రెండింటిలో జనం గుండెకు ఏది తగులుతుందో మీకు నేను చెప్పాలా?

ఆగస్టు 15, జనవరి 26 వస్తే ఇంకో మాట వినిపిస్తుంది. మదరసా ఆవరణలో జెండా ఎగరేసి, దేశప్రేమ ఈమాన్‌లో భాగమని ప్రవక్త (స) చెప్పారంటాం. పక్కన కూర్చున్న ఎమ్మెల్యే, ఎస్సై చప్పట్లు కొడతారు. ఆ మాట మీద పండితుల తీర్పు నిన్న మొన్నటిది కాదు. లాహోర్‌లో పుట్టి బగ్దాద్‌లో కన్నుమూసిన ఇమాం సగానీ, హిజ్రీ 650లో పోయినవారు, దాన్ని కల్పితాల జాబితాలో వేశారు. హిజ్రీ 902లో మరణించిన సఖావీ, జనం నాలుకల మీద నానే మాటలను ఏరి ఏది హదీసో ఏది కాదో తేల్చడానికే ఒక గ్రంథం రాశారు. దేశప్రేమ మాట తనకు ఎక్కడా దొరకలేదని, అర్థం మాత్రం సరైనదేనని అందులో అన్నారు. వాట్సాప్‌లో చక్కర్లు కొట్టే మాటలను తేల్చడానికి ఇప్పుడు మనం పడుతున్న పాటు ఆయన అయిదు వందల ఏళ్ల కిందటే కలంతో పడ్డారన్నమాట.

అయితే ఆ రోజు మాట్లాడకూడదా? బ్రహ్మాండంగా మాట్లాడవచ్చు. ప్రయాణం నుంచి తిరిగి వస్తూ మదీనా గోడలు కంటపడగానే ప్రవక్త (స) తన వాహనాన్ని తొందరపెట్టేవారని అనస్ (రజి) చెప్పిన హదీసు బుఖారీలో 1886వది. సొంత ఊరి మీద ప్రేమ, బెంగ ధర్మసమ్మతమేనని చెప్పడానికి ఇది ఆధారమని ఇబ్నె హజర్ దాని వ్యాఖ్యానంలో రాశారు. మక్కాను విడిచి వెళ్లాల్సి వచ్చినందుకు ఆయన పడ్డ బాధ తిర్మిజీలో 3925, 3926 హదీసుల్లో ఉంది. ఇంత గట్టి సరుకు బీరువాలో ఉండగా కల్పితాన్ని ఎందుకు ఎత్తుకోవాలి? దేశభక్తిని నిరూపించుకోవలసిన తొందరలో ప్రవక్త పేరు మీద లేని మాట అతికించడం నాకు మహా చిన్నతనంగా తోస్తుంది.

ఇక రంజాన్ కబురు అందరికంటే ముందు చెప్పినవాడికి నరకం నిషిద్ధమనే ఫార్వర్డు సంగతి మీకు తెలుసు. ఏటా వస్తుంది. కొన్నిసార్లు రంజాన్ తీసేసి రబీవుల్ అవ్వల్ పెడతారు. ఏ హదీసు గ్రంథంలోనూ అది లేదు. మన పెద్దల కాలంలో ఇదే పనిని మదీనా షేక్ అహ్మద్ కల కరపత్రం చేసింది. ఇన్ని ప్రతులు వేసి పంచకపోతే కీడు జరుగుతుందని బెదిరించే ఆ కాగితం ప్రెస్సువాళ్లకు తప్ప ఎవరికీ మేలు చేయలేదు. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధాలకోరు చేయడానికి చాలునన్న హెచ్చరిక ముస్లిం సంకలనానికి ముందుమాటలోనే ఉంది. ఫార్వర్డు బటన్ నొక్కే ప్రతి వేలికీ అది వర్తిస్తుంది.

మంచి ఉద్దేశంతోనే కదా అనే మాట మీ నోటి నుంచి కూడా విన్నాను. నూహ్ బిన్ అబీ మర్యమ్ కథ మీరే మాకు చెప్పాలి. ఖుర్ఆన్‌లోని సూరాలకు ఒక్కోదానికి ఒక్కో పుణ్యఫలం కట్టి హదీసులు అల్లినవాడాయన. జనం అబూ హనీఫా ఫిఖ్‌లో, ఇబ్నె ఇస్‌హాఖ్ యుద్ధగాథల్లో మునిగిపోయి ఖుర్ఆన్‌ను వదిలేశారని, వాళ్లను తిరిగి రప్పించడానికే ఆ పని చేశానని ఒప్పుకున్నట్టు హదీసు శాస్త్ర గ్రంథాలు రాస్తాయి. ఆయన బిరుదు జామి, అన్నీ పోగుచేసినవాడు. నిజం ఒక్కటి తప్ప అన్నీ పోగుచేశాడని ముహద్దిసులు ఎత్తిపొడిచారు. ఉద్దేశం చూసి వాళ్లు ఆయన్ను వదిలిపెట్టలేదు.

ఇంతవరకు చెప్పింది ఆ కుర్రాడి పక్షం. వాడికీ గట్టిగా చెప్పవలసినవి ఉన్నాయి. అవి చెప్పే అర్హత నాకు లేదు, మీకుంది. డేటాబేస్ తీర్పరి అనుకోవడం వాడి మొదటి పొరపాటు. సైటులో హదీసు కింద సహీ, జయీఫ్ అని కనిపించే ముక్క యంత్రం తేల్చింది కాదు. ఒక మనిషి ఇచ్చిన తీర్పు అది. సున్నహ్ డాట్ కామ్‌లో బుఖారీ, ముస్లిం హదీసుల కింద ఆ ముక్క ఉండదు. అబూ దావూద్ హదీసుల కింద కనిపించేది నాసిరుద్దీన్ అల్బానీ తీర్పు. ఆయన అల్బేనియాలో 1914లో పుట్టి, డమాస్కస్‌లో గడియారాలు బాగుచేస్తూ చదువుకుని, 1999లో మరణించారు. తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా హదీసుల కింద దారుస్సలాం అని ఉంటే, ఆ తీర్పు పాకిస్తాన్‌కు చెందిన జుబైర్ అలీ జయీది. ఈ ఇద్దరి పద్ధతి ఒకటి కాదు. బలహీనమైన గొలుసులు కొన్ని ఒకదానికొకటి ఆసరాగా నిలిస్తే హదీసు హసన్ స్థాయికి ఎదుగుతుందని చాలామంది ముహద్దిసుల మాట, అల్బానీ మాట కూడా అదే. జుబైర్ అలీ జయీ దానికి ఒప్పుకోరు. కాబట్టి ఒకే విషయం ఒక గ్రంథంలో సహీ అని, ఇంకో గ్రంథంలో జయీఫ్ అని కుర్రాడికి కనిపిస్తే, మధ్యలో మారింది హదీసు కాకపోవచ్చు, తీర్పరి కావచ్చు. అల్బానీ స్వయంగా తన తీర్పులను కొన్నిచోట్ల మార్చుకున్నారు. పాత తీర్పు ఒక సైటులో, కొత్తది మరో సైటులో తిరుగుతుంటాయి.

మే డే నాడు అందరికీ గుర్తొచ్చే హదీసునే తీసుకోండి, కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయాలన్నది. ఇబ్నె మాజాలో 2443వది. దాని గొలుసులో అబ్దుర్రహ్మాన్ బిన్ జైద్ బిన్ అస్లమ్ ఉన్నాడు. బలహీనుడని పేరుపడ్డ రావీ. ఆ ఒక్క గొలుసే చూస్తే జయీఫ్. వేరే దారుల్లో వచ్చిన కథనాలను కలుపుకుని అల్బానీ దాన్ని సహీ అన్నారు. ఇప్పుడు ఈ హదీసును మింబర్ మీద చెప్పాలా వద్దా? చెప్పాలనే నా అభిప్రాయం. మేస్త్రీల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర కూలీల డబ్బు ఎలా ఆగిపోతుందో చూస్తున్నవాణ్ణి కనుక ఇంకా గట్టిగా చెప్పాలంటాను. కూలివాడితో పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయ దినాన అల్లాహ్ తానే ప్రత్యర్థిగా నిలుస్తాడన్న హదీసు బుఖారీలో 2227వది. దాన్ని ముందు పెట్టి, ఇబ్నె మాజా హదీసును తర్వాత చెప్పి, గొలుసు సంగతి కూడా ఒక్క ముక్కలో చెబితే ఎవరూ వేలెత్తలేరు. జయీఫ్ అంటే కల్పితం కాదని, పుణ్యకార్యాలకు ప్రోత్సహించే చోట షరతులతో జయీఫ్ హదీసును వాడవచ్చని ఇమాం నవవీ వంటివారు అన్నారని కుర్రాళ్లకు నేర్పాల్సిందీ మీరే. లేకపోతే వాళ్లు జయీఫ్‌ను, మౌజూను ఒకే గాటన కట్టి రెండింటినీ చెత్తబుట్టలో వేస్తారు.

రావీల సంగతి ఇంకా చిక్కు. ఈజిప్టు ఖాజీ ఇబ్నె లహీఅ హిజ్రీ 174లో మరణించారు. ఆయన పుస్తకాలు కాలిపోయాక జ్ఞాపకం మీద చెప్పడంతో కథనాలు కలగాపులగమయ్యాయంటారు. రావీల పేర్లకు రంగులు వేసి చూపించే సాఫ్ట్‌వేర్ ఆయన పేరు పక్కన బలహీనుడని ఒక ముద్ర కొడుతుంది. కానీ అంతకుముందే ఆయన దగ్గర విన్న అబ్దుల్లాహ్ బిన్ ముబారక్, అబ్దుల్లాహ్ బిన్ వహబ్ వంటి శిష్యుల ద్వారా వస్తే ఆ కథనం నిలుస్తుందని కొందరు ముహద్దిసులు అన్నారు. ఎవరి నుంచి వచ్చిందన్నది ఒక్కటే చాలదు, ఎవరి ద్వారా, ఎప్పుడు వచ్చిందన్నది కూడా చూడాలి. గొలుసులో ఒట్టి సుఫ్యాన్ అని ఉంటే అది హిజ్రీ 161లో పోయిన సుఫ్యాన్ సౌరీనా, 198లో పోయిన సుఫ్యాన్ బిన్ ఉయైనానా అన్నది కూడా ముందు వెనక పేర్లు చూసి తేల్చాల్సిందే. ఇద్దరూ నమ్మకస్తులే, అయినా తప్పుగా పోలిస్తే గొలుసులో ఎవరు ఎవరిని కలిశారన్న లెక్క తారుమారవుతుంది.

నంబర్ల గొడవ ఒకటి ఉంది. ఫువాద్ అబ్దుల్ బాఖీ లెక్కలో ముస్లిం సంకలనం 3,033 హదీసులు. లాహోర్‌లో అచ్చయిన పాత ఇంగ్లీషు అనువాదంలో అదే పుస్తకం ఏడు వేలు దాటుతుంది, ఒకే విషయం మీద వచ్చే ప్రతి గొలుసునూ వేరుగా లెక్కపెట్టడం వల్ల. అందుకే ఒట్టి నంబరు చెబితే చాలదు, అధ్యాయం పేరు కూడా చెప్పండి. షామిలాలో పుస్తకం తెరిచినప్పుడు దాని పేజీలు అచ్చు ప్రతితో సరిపోతాయో లేదో అక్కడే రాసి ఉంటుంది. టైపు చేసిన పాఠంలో అచ్చుతప్పులు మామూలే, అనుమానం వస్తే ముద్రిత ప్రతి చూడక తప్పదు. ఇక ఈమధ్య వచ్చిన ఏఐ చాట్‌బాట్లు ఉన్నాయి చూశారా, అవి బుఖారీ ఫలానా నంబరని తడుముకోకుండా చెప్పేస్తాయి. ఆ నంబరు తెరిస్తే అక్కడ వుజూ గురించో వర్తకం గురించో ఉండవచ్చు. లేని హదీసును సొంతంగా అల్లి నంబరు తగిలించడం వాటికి చేతనైన విద్య. మూలం తెరిచి చూడకుండా వాటి మాట మింబర్ ఎక్కించవద్దు.

ఇదంతా గల్ఫ్ నుంచి వచ్చిన కొత్త పోకడ అని, ఫలానా వర్గం వాళ్ల పని అని అనుమానించేవారు మనలో ఉన్నారు. హనఫీ పండితుడు ముల్లా అలీ ఖారీ హిజ్రీ 1014లో మరణించే నాటికే కల్పిత హదీసుల మీద పుస్తకం రాసిపెట్టారు. గుజరాత్‌లోని పాటన్‌కు చెందిన ముహమ్మద్ తాహిర్, లక్నోకు చెందిన అబ్దుల్ హయ్ అదే పని చేశారు. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం మన హైదరాబాద్‌లోనే ఉంది. షామిలాలో ఇబ్నె హజర్ తహ్‌జీబుత్ తహ్‌జీబ్ తెరిచి పుస్తకం వివరాల పేజీ చూడండి. రావీల జీవితాల మీద నేటికీ అందరూ ఆశ్రయించే పన్నెండు సంపుటాల గ్రంథమది. ముద్రణ: దాయిరతుల్ మఆరిఫ్, హిందూస్తాన్, హిజ్రీ 1326. ఇబ్నె లహీఅ సంగతి చదవాలనుకునేవాడు ప్రపంచంలో ఏ మూల కూర్చున్నా చాలాసార్లు ఆ హైదరాబాద్ అచ్చు పాఠమే చదువుతున్నాడు.

1888లో మొదలై, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఆ సంస్థే ఇమాం బుఖారీ రాసిన తారీఖె కబీర్‌ను, ఇబ్నె అబీ హాతిం అల్ జర్హ్ వత్ తాదీల్‌ను, హాకిం ముస్తద్రక్‌ను, బైహఖీ సుననె కుబ్రాను వ్రాతప్రతుల నుంచి అచ్చులోకి తెచ్చింది. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడే కూర్చుని ఒక్కో రావీ పేరునూ ప్రతులతో సరిచూశారు. తర్వాత మక్కా హరమ్ గ్రంథాలయంలో పనిచేసి 1966లో అక్కడే కన్నుమూశారు. హైదరాబాద్‌లో 1908లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, అబూ హురైరా (రజి) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న 138 హదీసుల సహీఫాను బెర్లిన్, డమాస్కస్ ప్రతులు రెండూ పోల్చి 1953లో ప్రచురించారు. తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన ముస్నద్ అహ్మద్‌తో దాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే హదీసులు ఎంత భద్రంగా అందాయో కళ్లకు కడుతుంది. డేటాబేస్ ఇవాళ క్షణంలో చేసే పోలికను ఆయన కంటికి శ్రమ పెట్టి వ్రాతప్రతుల మీద చేశారు. ఈ శ్రమకు వారసులం మనం. ఆధారం అడగడాన్ని పరాయి గాలి అనడం మన ఊరి పండితులకే అవమానం.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి మన చేతులు ఖాళీగా ఉన్నాయి. కోస్తాలో, రాయలసీమలో ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు లక్షల్లో ఉన్నారు. దూదేకుల కుటుంబాల పిల్లల్లో చాలామందికి ఉర్దూ రాదు, అరబ్బీ లిపిలో ఖుర్ఆన్ చదవగలిగినా అర్థం తెలియదు. పెద్ద డేటాబేసుల్లో తెలుగులో వెతకడం కుదరదు. ఎంపిక చేసిన హదీసులను వివరణతో, స్థాయితో అనేక భాషల్లో ఇచ్చే హదీసు ఎన్‌సైక్లోపీడియాలో తెలుగు కూడా ఉంది, అంతవరకు సంతోషం. తక్కిన తెలుగు పుస్తకాల్లో ఒకరు తిర్మిజీ అంటే ఒకరు తిర్మిదీ అంటారు, హురైరా, హురేరా రెండూ రాస్తారు. వెతికేవాడికి ఏ స్పెల్లింగ్ కొట్టాలో తెలియదు. చాలా పుస్తకాల్లో హదీసు కింద గ్రంథం పేరు ఉంటుంది, నంబరు ఉండదు. తిర్మిజీ దాదాపు ప్రతి హదీసు చివరా తన మాటగా రాసిన స్థాయి తెలుగులోకి వచ్చేసరికి జారిపోతుంది. ఉర్దూ, అరబ్బీ, తెలుగు మూడూ వచ్చినవారు మీలోనే ఉన్నారు. మీరు బయాన్‌లలో వాడిన హదీసులనే తెలుగులో నంబరుతో రాసి ఉంచుకుంటే, జిల్లాకు అయిదారుగురు కలిస్తే, ఎవరి నిధులూ అక్కర్లేకుండా ఒక తెలుగు సూచిక తయారవుతుంది.

మసీదు కమిటీ సభ్యులకు కూడా ఇందులో ఒక మాట. ఇమాం సాహెబ్‌కు ఒక మంచి ఫోన్, నెట్ ప్యాకేజీ మసీదు ఖర్చులో వేయండి. ఏసీలకు, మార్బుల్‌కు చందాలు వసూలు చేసిన చేతులకు ఇది లెక్కలోది కాదు.

హజ్రత్, వచ్చే శుక్రవారం నుంచే మొదలుపెట్టండి. బయాన్‌లో చెప్పిన హదీసుల గ్రంథం, అధ్యాయం, నంబరు, తీర్పు చెప్పిన ముహద్దిస్ పేరు ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో రాసి నమాజు వేళల బోర్డు పక్కన అంటించండి. మగ్రిబ్ తర్వాత వారానికి ఒక రోజు ఆ కుర్రాళ్లను కూర్చోబెట్టి, షామిలా ఎలా తెరవాలో వాళ్ల దగ్గర మీరు నేర్చుకోండి, సనద్ ఎలా చదవాలో మీ దగ్గర వాళ్లు నేర్చుకుంటారు. చిరునామా అడిగినవాణ్ణి మాత్రం దయచేసి కసరకండి.

వస్సలాం,
మీ ముసల్లీల్లో ఒకడు